ఎముక మొలిపించే మందు: ఎవరికి? ఎక్కడ? ఎంత?

ఆపరేషన్ బాగానే జరిగింది. రాడ్డు సరిగ్గా కూర్చుంది. అయినా ఎముక అతకలేదు. ఇలాంటప్పుడు ఎముకను పెంచే మందులు ఆదుకుంటాయా? అరవై ఏళ్లుగా సాగుతున్న ఈ అన్వేషణ ఏం సాధించింది, ఎక్కడ దారి తప్పింది, ఆసుపత్రిలో ఎక్స్‌రే పట్టుకుని నిలబడిన మనిషికి ఏం చెబుతోంది... ఈ వారం ముఖచిత్ర కథనం.

"రాడ్డు వేసి ఆరు నెలలైంది. ఎముక ఇంకా అతకలేదంటున్నారు..."

ఏ ఎముకల ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. చెప్పేది చాలాసార్లు పాతికేళ్ల కుర్రాడి తల్లో, భార్యో అయి ఉంటారు. బైకు మీద వెళ్తుంటే ప్రమాదం. మోకాలి కింది ఎముక విరిగి, చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి. అదే నెలలో కాలు విరిగిన పక్కింటాయన ఎప్పుడో లేచి తిరుగుతున్నాడు. ఇతని ఎక్స్‌రేలో మాత్రం విరిగిన చోట నల్లటి గీత అలాగే ఉంది. ఆ గీత ఉన్నంతకాలం చేతికర్ర వదిలేది లేదు, పనిలోకి వెళ్లేది లేదు, ఆపరేషన్‌కు చేసిన అప్పు తీరేది లేదు.

2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయనీ, 4,43,366 మంది గాయపడ్డారనీ కేంద్ర రవాణా శాఖ లెక్క తేల్చింది. విరిగిన ఎముకల్లో నూటికి అయిదు నుంచి పది దాకా సకాలంలో అతకవని వైద్య గ్రంథాలు చెబుతాయి. చర్మం చీలి, మట్టి చేరి, చుట్టూ ఉన్న కండ నలిగిపోయిన గాయాల్లో ఈ బెడద ఇంకా ఎక్కువ. తొమ్మిది నెలలు గడిచినా అతుకు పడకుండా, చివరి మూడు నెలల్లో ఎక్స్‌రేలో ఏ మార్పూ కనిపించకపోతే ఆ ఎముక ఇక తనంతట తాను అతకదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక కొలమానం పెట్టింది.

అలాంటి ఎముకకు ఒక మందు ఇచ్చి, ఆగిపోయిన పనిని మళ్లీ మొదలుపెట్టించగలమా? రెండు నెలలకు అతికేదాన్ని నెలన్నరకే అతికించగలమా? శాస్త్రవేత్తలు ఈ ప్రశ్న వెంట చాలా దూరం నడిచారు. వాళ్లు కనుక్కున్నది ఒక్క ముక్కలో చెప్పాలంటే... ఎముకను పెంచడం సాధ్యమే. కావాల్సిన చోట, కావాల్సినంత, కావాల్సినప్పుడు మాత్రమే పెంచడం కష్టం. ఈ కథలో గెలుపులన్నీ మొదటి వాక్యానివి, దెబ్బలన్నీ రెండోదానివి.

మచ్చ మిగలని గాయం

చర్మం తెగితే మచ్చ పడుతుంది. గుండె కండరం చచ్చిపోతే ఆ చోట పీచు కణజాలం పేరుకుంటుంది. ఎముక అలా కాదు. సరిగ్గా మానితే విరిగిన చోట మళ్లీ అసలు సిసలు ఎముకే పుడుతుంది. కొన్నేళ్ల తర్వాత ఎక్స్‌రే తీస్తే ఎక్కడ విరిగిందో పోల్చుకోవడం కూడా కష్టమవుతుంది.

విరిగిన గంటల్లోనే అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ పనికిరానిదేం కాదు, మరమ్మతు మొదలయ్యేది అందులోనే. మొదటి వారంలో వాపు కణాలు వచ్చి చచ్చిన ముక్కల్ని తొలగిస్తాయి, మూలకణాలకు కబురు పెడతాయి. రెండు మూడు వారాల్లో రెండు కొసల మధ్య మృదులాస్థితో మెత్తటి అతుకు ఏర్పడుతుంది. తర్వాత దానిలోకి రక్తనాళాలు చొచ్చుకొస్తాయి, కాల్షియం చేరుతుంది, మెత్తటి అతుకు గట్టిపడుతుంది. ఆ ముడి ఎముకను శరీరం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, అరగదీస్తూ నింపుతూ పాత ఆకారానికి తెస్తుంది.

ఈ పని మొత్తం రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి రక్త ప్రసరణ, రెండోది నిలకడ. కొసలు మరీ కదులుతుంటే లేత రక్తనాళాలు తెగిపోతుంటాయి, అతుకు మెత్తగానే మిగిలిపోతుంది. రాడ్లు, ప్లేట్లు, స్క్రూలు చేసేది కొసల్ని సరైన వరసలో నిలబెట్టి ఉంచడమే. అతికించే పని శరీరానిదే. ఆ శరీరానికే ఊతం ఇవ్వాలన్న ఆలోచన నుంచి పుట్టినవి ఎముక పెరుగుదల మందులు.

కండలో మొలిచిన ఎముక

లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్షల్ యురిస్ట్ అనే ఎముకల సర్జన్ ఉండేవాడు. జంతువుల ఎముక ముక్కను ఆమ్లంలో నానబెట్టి, అందులోని కాల్షియం అంతా పోగొట్టి, మిగిలిన మెత్తటి పదార్థాన్ని కుందేలు కండలో పెట్టి కుట్టేశాడు. కొన్ని వారాల తర్వాత చూస్తే అక్కడ కొత్త ఎముక! మజ్జతో సహా మొలిచింది. ఎముకతో ఏ సంబంధమూ లేని కండలో, చచ్చిన ఎముక పీచు బతికున్న ఎముకను పుట్టించింది. 1965లో 'సైన్స్' పత్రికలో ఆయన ఈ ఫలితాన్ని ప్రచురించాడు. ఎముకలో దాగిన ఏదో ప్రోటీన్ చుట్టుపక్కల కణాలకు 'ఎముకగా మారండి' అని ఆదేశిస్తోందని ఊహించి, దానికి బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్ అని పేరు పెట్టాడు. క్లుప్తంగా బీఎంపీ.

ఊహించడం వేరు, పట్టుకోవడం వేరు. ఆ ప్రోటీన్ ఎముక పీచుకు గట్టిగా అంటుకుని ఉంటుంది. కిలోల కొద్దీ ఎముక పొడిని వడకడితే మైక్రోగ్రాముల్లో దొరుకుతుంది. ఇక్కడ ఈ కథలోకి మనవాళ్లు వస్తారు. భారత్‌లో పుట్టి, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఎ.హరి రెడ్డి, షికాగోలో నోబెల్ గ్రహీత ఛార్లెస్ హగిన్స్ దగ్గర ఈ పని అందుకున్నారు. హగిన్స్‌ది కూడా పాత ఆసక్తే. 1931లోనే ఆయన కుక్కల మూత్రాశయపు పొరను పొట్ట కండలో నాటితే ఎముక పుట్టడం చూశాడు. ఎముక పీచును చర్మం కింద పెట్టాక ఏ రోజున ఏ కణం వస్తుంది, ఏ రోజున మృదులాస్థి, ఏ రోజున ఎముక అన్న క్రమాన్ని రెడ్డి, హగిన్స్ 1972లో వివరించారు. 1981లో రెడ్డి, మరో భారతీయ శాస్త్రవేత్త టి.కె.సంపత్ కలిసి కీలకమైన చిక్కు విప్పారు. పీచు నుంచి ప్రోటీన్లను కరిగించి బయటికి తీస్తే పీచుకు ఎముక పుట్టించే శక్తి పోతుంది. వాటిని తిరిగి కలిపితే ఆ శక్తి మళ్లీ వస్తుంది. అంటే అసలు సరుకు ఆ కరిగిన ద్రవంలో ఉందన్నమాట. దాంతో వేట సులువైంది. 1988లో అమెరికాలోని జెనెటిక్స్ ఇన్‌స్టిట్యూట్ కంపెనీలో జాన్ వోజ్నీ బృందం బీఎంపీ జన్యువులను పట్టుకుంది. ఇక ఎముకలు వడకట్టక్కర్లేదు, కణాల్లో పెంచి కావాల్సినంత ప్రోటీన్ తయారుచేసుకోవచ్చు.

ఆపరేషన్ గదిలోకి బీఎంపీ

ఎముక అతకనప్పుడు డాక్టర్లు అప్పటికీ ఇప్పటికీ నమ్ముకునే పద్ధతి ఒకటుంది. రోగి నడుము పక్కనున్న తుంటి ఎముక అంచు నుంచి కొంత ఎముక తీసి, అతకని చోట నింపుతారు. దానిలో బతికున్న కణాలుంటాయి, బీఎంపీలూ ఉంటాయి. కానీ అందుకు మరో కోత పెట్టాలి. కాలి నొప్పి తగ్గినా నడుము పక్కన నొప్పి నెలల తరబడి వేధించేవాళ్లున్నారు. పైగా అక్కడి నుంచి తీయగలిగే ఎముక కొంతే. సీసాలో దొరికే ప్రోటీన్ ఈ రెండో కోతను తప్పిస్తుందన్నది ఆశ.

2001లో ఓపీ-1 పేరుతో బీఎంపీ-7కి ఎఫ్‌డీఏ పరిమిత అనుమతి ఇచ్చింది. ఎన్ని చేసినా అతకని పొడవాటి ఎముకలకు, తుంటి నుంచి ఎముక తీసే వీల్లేనప్పుడు మాత్రమే. 2002లో బీఎంపీ-2 వచ్చింది. మెడ్‌ట్రానిక్ కంపెనీ ఇన్‌ఫ్యూజ్ పేరుతో అమ్మిన ఈ మందును కొల్లాజెన్ స్పాంజిలో నానబెట్టి ఎముకల మధ్య పెడతారు. నడుము దగ్గరి వెన్నుపూసలను ముందువైపు నుంచి కలిపే ఆపరేషన్‌కు మొదటి అనుమతి. 2004లో చర్మం చీలిన కాలి ఎముక గాయాలకూ, 2007లో కొన్ని దవడ ఆపరేషన్లకూ విస్తరించారు.

కాలి ఎముక గాయాల మీద జరిగిన పరీక్ష చాలా ఆశ పుట్టించింది. 450 మంది రోగులు. అందరికీ లోపల రాడ్డు వేసి గాయానికి చికిత్స చేశారు. కొందరికి అదనంగా బీఎంపీ స్పాంజి పెట్టారు. మామూలు చికిత్స పొందినవాళ్లలో 46 శాతం మందికి ఎముక అతికించడానికి మళ్లీ ఏదో ఒక చికిత్స చేయాల్సి వచ్చింది. ఎక్కువ మోతాదు బీఎంపీ పొందినవాళ్లలో 26 శాతానికే ఆ అవసరం పడింది. నూటికి ఇరవై మంది అదనంగా మరో చికిత్స అక్కర్లేకుండా తప్పించుకున్నారంటే అది చిన్న విషయం కాదు.

తర్వాత మరో పరీక్ష జరిగింది. ఈసారి రాడ్డు వేసే పద్ధతి మెరుగైంది. ఎముక లోపలి గొట్టాన్ని తొలిచి, దానికి బిగుతుగా సరిపోయే లావు రాడ్డు వేశారు. 2011లో ఫలితాలొచ్చాయి. 20 వారాలకు బీఎంపీ పొందినవాళ్లలో 68 శాతం, పొందనివాళ్లలో 67 శాతం ఎముకలు అతికాయి. తేడా లేదు. ఎముకకు నిలకడ బాగా అమరినప్పుడు మందు చేయడానికి మిగిలిన పని లేకపోయింది. ఓపీ-1 ఆ తర్వాత మార్కెట్ నుంచే వెళ్లిపోయింది.

మెడలో వాపు, నివేదికల్లో మౌనం

మన శరీరంలో బీఎంపీ నానోగ్రాముల్లో ఉంటుంది. ఆపరేషన్‌లో పెట్టే మందు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఒక మిల్లీగ్రాము అంటే పది లక్షల నానోగ్రాములు. స్పాంజి నుంచి ప్రోటీన్ కారిపోతుంటుంది కాబట్టి అంత మోతాదు పెట్టక తప్పలేదు. కారింది ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మాత్రం వెనకబడింది.

మందు బయటికొచ్చిన కొద్దికాలంలోనే సర్జన్లు అనుమతి లేని చోట్ల కూడా వాడటం మొదలుపెట్టారు. అమెరికాలో జరిగిన వాడకంలో అధిక భాగం అలాంటిదే. మెడ దగ్గరి వెన్నుపూసలకు వాడినప్పుడు ప్రోటీన్ చుట్టూ ఉన్న మెత్తటి కణజాలంలోకి చేరి వాపు తెచ్చింది. గొంతు, శ్వాసనాళం నొక్కుకుపోయాయి. మింగలేక, ఊపిరాడక కొందరికి అత్యవసరంగా గొట్టం వేయాల్సి వచ్చింది. నాలుగేళ్లలో ఇలాంటి 38 ఫిర్యాదులు అందాయని చెబుతూ 2008 జులైలో ఎఫ్‌డీఏ బహిరంగ హెచ్చరిక జారీ చేసింది. నడుము ఆపరేషన్లలో కొందరికి నరాల దగ్గర అక్కర్లేని ఎముక పెరిగింది, ఇంకొందరికి ఉన్న ఎముకే కరిగింది.

2011 జూన్‌లో వెన్నెముక వైద్యుల పత్రిక 'స్పైన్ జర్నల్' ఒక సంచిక మొత్తాన్ని ఈ మందుకే కేటాయించింది. స్టాన్‌ఫర్డ్ సర్జన్ యూజీన్ కరాగీ బృందం కంపెనీ డబ్బుతో జరిగిన 13 పరీక్షల వ్యాసాలను చదివింది. 780 మందికి మందు ఇస్తే, మందు వల్ల ఒక్కరికీ ఇబ్బంది కలగలేదని వాటిలో రాసి ఉంది. ఎఫ్‌డీఏ దగ్గరున్న పత్రాలనూ, ఇతర అధ్యయనాలనూ వాటితో పోల్చి లెక్కిస్తే ఆపరేషన్ చేసే విధానాన్ని బట్టి దుష్ప్రభావాలు 10 నుంచి 50 శాతం దాకా ఉన్నాయని తేలింది. ఆ ఏడాదే ఎక్కువ మోతాదుతో వచ్చిన మరో రకానికి క్యాన్సర్ అనుమానంతో ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించింది. 1996 నుంచి 2010 దాకా ఆ వ్యాసాల రచయితలకు మెడ్‌ట్రానిక్ సుమారు 21 కోట్ల డాలర్లు చెల్లించిందని 2012లో అమెరికా సెనేట్ ఆర్థిక సంఘం నివేదిక బయటపెట్టింది. ఆ డబ్బులో పరికరాల రాయల్టీలూ, సలహాల ఫీజులూ ఉన్నాయి.

ఈ కథలో ఒక మంచి మలుపూ ఉంది. ఒత్తిడి పెరిగాక కంపెనీ తన దగ్గరున్న రోగుల సమాచారమంతా యేల్ విశ్వవిద్యాలయానికి అప్పగించింది. రెండు స్వతంత్ర బృందాలు దాన్ని విడివిడిగా తిరగేసి 2013లో ఫలితాలు ప్రకటించాయి. వెన్నెముక ఆపరేషన్లలో తుంటి ఎముకతో పోలిస్తే బీఎంపీ వల్ల రోగికి చెప్పుకోదగ్గ అదనపు మేలు లేదని రెండూ తేల్చాయి. ముడి సమాచారం బయటికొస్తే నిజం ఎంత తొందరగా తేలుతుందో చెప్పడానికి వైద్య చరిత్రలో ఇది పెద్ద ఉదాహరణ.

ప్రోటీన్ చెడ్డది కాదు. ఎముకగా మారమని కణాలకు చెప్పడం దాని పని. ఎక్కడుంటే అక్కడ ఆ పనే చేస్తుంది. ఫైబ్రోడిస్‌ప్లేసియా ఒసిఫికాన్స్ ప్రోగ్రెసివా అనే అరుదైన వ్యాధి ఉంది. బీఎంపీ ఆదేశాన్ని అందుకునే గ్రాహకపు జన్యువులో ఒక చిన్న మార్పు దీనికి కారణమని 2006లో కనుక్కున్నారు. ఈ పిల్లల్లో దెబ్బ తగిలిన కండ ఎముకైపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాళ్లు కదల్లేకుండా బిగుసుకుపోతారు. చోటు తప్పిన ఎముక ఎంత శిక్షో ఆ పిల్లలను చూస్తే అర్థమవుతుంది.

రోజుకో సూది

బీఎంపీని విరిగిన చోటే పెడతారు. ఇంకో దారిలో వచ్చిన మందు టెరిపారటైడ్. దీన్ని రోజుకోసారి పొట్ట మీదో, తొడ మీదో చర్మం కింద సూదితో తీసుకుంటారు. ఇది పారాథైరాయిడ్ హార్మోన్‌లో ఒక భాగం. ఆ హార్మోన్ గ్రంథి నుంచి రోజంతా ఎక్కువగా కారుతుంటే ఎముకల్లోంచి కాల్షియం కరిగిపోతుంది. అదే రోజుకోసారి కొద్దిగా ఇచ్చి ఆపేస్తే ఎముక కట్టే కణాలు చురుకవుతాయి. ఒకే పదార్థం, రెండు వ్యతిరేక ఫలితాలు. తేడా అంతా ఇచ్చే తీరులోనే ఉంది.

ఎముకలు గుల్లబారిన 1,637 మంది మహిళల మీద జరిపిన పరీక్షలో రోజుకు 20 మైక్రోగ్రాములు తీసుకున్నవాళ్లకు వెన్నుపూసలు విరిగే ముప్పు 65 శాతం తగ్గిందని 2001లో తేలింది. మరుసటి ఏడాది అమెరికాలో అనుమతి దొరికింది. ఇప్పుడు భారతీయ కంపెనీలూ తయారుచేస్తున్నాయి. అయినా నెలకు వేల రూపాయల ఖర్చు. ఎలుకలకు భారీ మోతాదులో దీర్ఘకాలం ఇస్తే ఎముక క్యాన్సర్ వచ్చిందని మొదట్లో పెద్ద హెచ్చరికతో అమ్మేవారు. మనుషుల్లో ఏళ్ల తరబడి చూసినా ఆ ముప్పు కనిపించకపోవడంతో 2020లో ఎఫ్‌డీఏ ఆ హెచ్చరికను తొలగించింది. పెరిగే వయసు పిల్లలకూ, ఎముకలకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకూ, ఎముక క్యాన్సర్ ఉన్నవాళ్లకూ ఇప్పటికీ ఇవ్వరు.

అనుమతి మాత్రం గుల్లబారిన ఎముకలకే. విరిగినదాన్ని తొందరగా అతికిస్తుందా? స్వీడన్‌కు చెందిన పెర్ ఆస్పెన్‌బెర్గ్ బృందం 2010లో మణికట్టు విరిగిన 102 మంది మహిళల మీద ఫలితాలు ప్రకటించింది. ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లకు ఎముక అతకడానికి 9.1 వారాలు పట్టింది. 20 మైక్రోగ్రాములు తీసుకున్నవాళ్లకు 7.4 వారాలే. 40 మైక్రోగ్రాములు తీసుకున్నవాళ్లకు 8.8 వారాలు! మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాలేదు సరికదా, ఉన్న లాభమూ పోయింది. పరిశోధకులు ముందుగా పందెం కట్టింది ఆ పెద్ద మోతాదు మీదే కాబట్టి లెక్క ప్రకారం ఆ పరీక్ష గెలవలేదు.

వెన్నెముక ఆపరేషన్లలో జపాన్ నుంచి మంచి కబురు వచ్చింది. ఎముకలు గుల్లబారిన మహిళల నడుము పూసలను కలిపే ఆపరేషన్ తర్వాత టెరిపారటైడ్ ఇచ్చినవాళ్లలో 82 శాతం, ఎముక కరగకుండా ఆపే మామూలు మాత్రలు ఇచ్చినవాళ్లలో 68 శాతం అతుకు పడింది. అతకడానికి సగటున 10 నెలల బదులు 8 నెలలు చాలాయి. రోగులు 57 మందే కాబట్టి దీన్నే తుది తీర్పు అనుకోకూడదు. కానీ ఎముక ముందే బలహీనంగా ఉన్న పెద్దవయసు మహిళకు, స్క్రూలు పట్టు దొరక్క జారిపోయే చోట, ఈ మందుకు నిజమైన పాత్ర ఉందని చాలామంది సర్జన్లు నమ్మడానికి ఇలాంటి ఫలితాలే కారణం.

అడ్డు తొలగించినా...

దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ కుటుంబాల్లో స్క్లెరోస్టియోసిస్ అనే అరుదైన జబ్బు కనిపిస్తుంది. వీళ్ల ఎముకలు పెరుగుతూనే ఉంటాయి, విరగడం దాదాపు ఉండదు. కపాలం మందమై నరాలు నొక్కుకుపోయి చెవుడు, ముఖ పక్షవాతం వస్తాయి. ఎముక ఇక చాలని చెప్పే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీన్ వీళ్లలో తయారు కాదని 2001లో తెలిసింది. ఆ ప్రోటీన్‌ను కొంతకాలం అడ్డుకుంటే గుల్లబారిన ఎముకలు గట్టిపడతాయన్న ఆలోచనే 2019లో రోమోసోజుమాబ్ మందుగా వచ్చింది. గుల్లబారిన ఎముకలకు అది బాగా పనిచేస్తుంది. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు వాడకూడదన్న హెచ్చరిక మాత్రం ఉంది.

విరిగిన ఎముక సంగతి వేరుగా తేలింది. తుంటి విరిగి ఆపరేషన్ అయిన 332 మందికి ఇచ్చి చూశారు. కాలి ఎముక విరిగినవాళ్లకూ ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన రెండు ఫలితాల్లోనూ అదనపు లాభం లేదు. మామూలుగా అతికే ఎముక తన పనిని తన వేగంతో తాను చేసుకుంటోంది. బయటి నుంచి తోసినా దాని వేగం పెరగలేదు.

నల్గొండ నేర్పిన పాఠం

ఎముకను పెంచితే బలం దానంతటదే వస్తుందనుకునేవాళ్లకు తెలుగు నేల మీద ఒక చేదు సమాధానం ఉంది. 1937లో నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వంగిన నడుములనూ, బిగుసుకున్న కీళ్లనూ చూసిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే వైద్య పరిశోధకులు, అది తాగునీటిలోని ఫ్లోరైడ్ పని అని నిరూపించారు. తర్వాతి తరాల్లో నల్గొండ పేరు చెబితే ఫ్లోరోసిస్ గుర్తొచ్చేంతగా ఆ బాధ అక్కడా వేళ్లూనుకుంది. ఫ్లోరైడ్ ఎముకను పెంచుతుంది. కానీ ఆ పెరిగిన ఎముక అల్లిక సరిగా లేనిది.

ఇది తెలిసి కూడా అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు నియంత్రిత మోతాదులో సోడియం ఫ్లోరైడ్‌ను మందుగా పరీక్షించారు. 202 మంది మహిళలు, నాలుగేళ్లు. 1990లో వెలువడిన ఫలితాల్లో నడుము పూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అంతవరకూ పండగే. కానీ వెన్నుపూసలు విరగడం తగ్గలేదు. వెన్నుకు బయట ఎముకలు విరిగిన సంఘటనలు ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 24 ఉంటే, ఫ్లోరైడ్ తీసుకున్నవాళ్లలో 72. స్కానింగ్ కాగితం మీద అంకె పెరిగినంత మాత్రాన రోగి బాగుపడ్డట్టు కాదని వైద్య ప్రపంచం అప్పటినుంచి గుర్తుపెట్టుకుంది. కొత్తగా వచ్చే ప్రతి మందునూ ఈ గీటురాయి మీదే చూడాలి.

నల్లేరు, పుత్తూరు కట్టు

ఎముక విరిగితే నల్లేరు పచ్చడి తినమనే ఇళ్లు మనకు చాలానే ఉన్నాయి. ఆయుర్వేదం ఈ తీగను ఎముకల వైద్యంలో వాడింది. 1960ల్లో బనారస్‌లో సర్జన్ కె.ఎన్.ఉడుప బృందం దీన్ని ప్రయోగశాలకు తెచ్చి, జంతువుల్లో విరిగిన ఎముక మానే తీరు మీద దాని ప్రభావాన్ని కొలిచింది. మన శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను ఎంత ముందుగా అందుకున్నారో చెప్పే పని ఇది. అయితే బీఎంపీని, టెరిపారటైడ్‌ను పరీక్షించినట్టు వందలాది రోగుల మీద నిక్కచ్చిగా తూచిన ఫలితాలు నల్లేరుకు లేవు. పచ్చడిగా తింటే తినొచ్చు. ఆపరేషన్‌ను, మందును మాని దాన్నే నమ్ముకోవడం మాత్రం ప్రమాదం.

తిరుపతికి దగ్గర్లోని పుత్తూరుకు రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ, పొరుగున తమిళనాడు నుంచీ జనం కట్టు కట్టించుకోవడానికి వెళ్తారు. ఆకు పసరు పూసి బద్దలతో కట్టే ఆ కట్టు కొసలను కదలకుండా నిలుపుతుంది. వరస తప్పని చిన్న విరుగుళ్లకు శరీరానికి కావాల్సింది చాలావరకు ఆ నిలకడే. ఎముక బయటికొచ్చిన గాయానికీ, కీలు లోపల విరిగినదానికీ, ముక్కలైనదానికీ అది చాలదు. కట్టు మరీ బిగిస్తే రక్తం ఆడక చెయ్యో కాలో పోగొట్టుకోవాల్సి వస్తుంది. కట్టు వేశాక వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టుకూ ఇదే మాట వర్తిస్తుంది.

మందుకన్నా ముందు

ఎముక అతకలేదంటే మొదట వెతకాల్సింది మందు కోసం కాదు, కారణం కోసం. లోపల చీము దాగి ఉందా? రాడ్డు వదులైందా? కొసల మధ్య ఖాళీ ఉందా? షుగర్ అదుపులో ఉందా? పొగ తాగుతున్నారా? చర్మం చీలిన కాలి ఎముక గాయాల మీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో పొగ తాగేవాళ్లలో ఎముక అతికే అవకాశం 37 శాతం తక్కువగా కనిపించింది. సిగరెట్టు మానడానికి రూపాయి ఖర్చు లేదు.

ఎండకు కొదవ లేని మన దగ్గర విటమిన్-డి లోపమేంటని చాలామంది ఆశ్చర్యపోతారు. తిరుపతి స్విమ్స్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం పల్లెల్లోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే ఈ లోపాన్ని విస్తారంగా చూపింది. తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని పేగుల్లో ఇంకనివ్వని ఫైటేట్లు ఎక్కువ అని కూడా తేల్చింది. పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలు, పెరుగు, ఆకుకూరలు, గుడ్డు, పప్పు... ఆపరేషన్ అయిన మనిషికి పథ్యం పేరుతో వీటిని ఆపేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఎముక అల్లికకు మాంసకృత్తులు కావాలి. చారన్నంతో నెలలు గడిపితే ఆ సరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

పదును లేని నేలలో ఎంత మేలురకం విత్తనం చల్లినా మొలవదు. రక్తం ఆడని, కదులుతున్న, చీము పట్టిన ఎముక మధ్య ఎంత ఖరీదైన ప్రోటీన్ పెట్టినా అంతే. అన్నీ సరిచేశాక కూడా శరీరం వెనకబడితే అప్పుడు మందు వంతు. అప్పటికి దానికి నిజమైన విలువ ఉంటుంది. చీలమండ ఎముకలను కలిపే ఆపరేషన్లకు 2015లో అమెరికాలో అనుమతి పొందిన పీడీజీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్ ఇందుకు ఉదాహరణ. 434 మంది మీద పరీక్షిస్తే అది రోగి సొంత ఎముకతో సమానంగా పనిచేసింది, అంతకన్నా ఎక్కువేం కాదు. కానీ రెండో కోత, దాని నొప్పి తప్పాయి. మందు గురించి ఇంత నిజాయతీగా చెప్పుకోగలిగితే చాలు, అది ఎవరికి పనికొస్తుందో తేల్చుకోవచ్చు.

డాక్టరును అడగండి

- నా ఎముక అతకకపోవడానికి కారణం ఏమిటి? చీము లేదని పరీక్ష చేసి తేల్చారా?
- ఈ మందు నాకు విరిగిన ఎముకకు అనుమతి ఉన్నదేనా, మరో జబ్బు మందును ఇక్కడ వాడుతున్నారా? అయితే ఎందుకు?
- నా సొంత ఎముక తీసి పెట్టడంకన్నా దీంతో నాకు ఒరిగే అదనపు మేలు ఏమిటి?
- నాకు గతంలో క్యాన్సర్, రేడియేషన్, గుండెజబ్బు, కిడ్నీలో రాళ్లు ఉన్నాయి. గర్భం దాల్చే ఆలోచన ఉంది. ఇవి అడ్డా?
- ఎన్ని నెలలు వాడాలి, మొత్తం ఖర్చెంత? పనిచేస్తోందో లేదో ఎప్పుడు, ఏ పరీక్షతో చూస్తారు?
- నా విటమిన్-డి, కాల్షియం, షుగర్ ఎంతున్నాయి?

ఈ ప్రశ్నలు అడిగితే డాక్టరు నొచ్చుకుంటారేమోనని భయపడక్కర్లేదు. మంచి డాక్టరు వీటిని తనే ముందుగా వేసుకుంటారు.

లెక్క బయటపెట్టాలి

రాబోయే రోజుల్లో ప్రోటీన్‌ను విరిగిన చోటే పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదిలే పదార్థాలు వస్తాయి. మోతాదు తగ్గితే వాపు, అక్కర్లేని ఎముక లాంటి బెడదలూ తగ్గుతాయి. పరిశోధన సాగుతున్నది ఆ దిశలోనే. ఆ మందులు మన ఆసుపత్రులకు చేరేటప్పటికి మన దగ్గర ఒక ఏర్పాటు ఉండాలి. ఎవరికి ఏ మందు పెట్టారు, ఎముక అతికిందా, ఏ ఇబ్బంది వచ్చింది అన్న లెక్కను ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఒకచోట నమోదు చేయాలి. కంపెనీ చెప్పిన మాటే కాక, మన రోగుల అనుభవం కూడా డాక్టరు చేతిలో ఉండాలి. 780 మందిలో ఒక్కరికీ ఇబ్బంది లేదన్న వ్యాసాలను ప్రపంచం ఏళ్ల తరబడి నమ్మింది. ముడి లెక్క బయటికొచ్చాకే రోగులకు న్యాయం జరిగింది. ఆ ఆలస్యం మన దగ్గర జరగకూడదు.

ఎముకను మొలిపించడం మనిషి నేర్చుకున్నాడు, అది గర్వపడాల్సిన విద్య. ఆ విద్యలో ఒక మెట్టు కట్టినవాళ్లలో మన దేశపు శాస్త్రవేత్తలున్నారు. దాన్ని ఎవరికి, ఎక్కడ, ఎంత, ఎప్పుడు అని అడిగి వాడితే ఏడాదిగా మంచం పట్టిన కుర్రాడు తన కాళ్ల మీద పనికి వెళ్తాడు. అడగకుండా వాడితే అప్పు పెరుగుతుంది, నొప్పి మిగులుతుంది. అడిగే హక్కు రోగిది, చెప్పే బాధ్యత వైద్యులది, లెక్క చూపించే బాధ్యత కంపెనీలది, ప్రభుత్వాలది.